ఓపెన్ సోర్స్ లైసెన్స్ గొడవలు: అనంతపురంలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

చీనీ (బత్తాయి) మండీల్లో బిల్లులు కొట్టే ఒక చిన్న ప్రోగ్రామ్‌ను నేనూ, ఇద్దరు స్నేహితులూ అనంతపురంలో రాసి, కోడ్ అందరికీ కనపడేలా పెట్టాం. కొన్నాళ్లకు దాని మీద ఒక గొడవ వచ్చింది. అది ఎలా సర్దుకుందో ఊళ్లో నలుగురికీ తెలిశాక ఫోన్లు మొదలయ్యాయి. జేఎన్‌టీయూ పిల్లలు, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శనివారం రైలెక్కి ఊరికొచ్చే కుర్రాళ్లు, అప్పుడప్పుడు మండీ ఓనర్లు, అందరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను లాయర్ని కాదు. లక్షల వ్యవహారమైతే కాపీరైట్ కేసులు చూసిన లాయర్ దగ్గరికే పోండి.

## ఓపెన్ సోర్స్ అంటే ఊరికే ఇచ్చేసినట్టే కదా, ఇంక గొడవెందుకు?

ఊరికే ఇచ్చింది వాడుకునే అనుమతిని మాత్రమే. కోడ్ మీద హక్కు రాసినవాడి దగ్గరే ఉంటుంది. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను కథలు, కవితలతో పాటు సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది. రిజిస్టర్ చేయించినా, చేయించకపోయినా రాసినప్పుడే హక్కు పుడుతుంది. రాసినవాడు పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. "నా హక్కుల్లో ఇవిగో వీటిని, ఈ షరతుల మీద మీకిస్తున్నా" అని చెప్పే కాగితం లైసెన్స్. షరతు తప్పినవాడి చేతిలో అనుమతి ఉండదు, అనుమతి లేకుండా కాపీ చేసినవాడిగా మిగులుతాడు.

మండీలో అడిగినవాళ్లకు నేను చలివేంద్రం సంగతి చెప్తాను. నీళ్లు ఎవరైనా తాగొచ్చు. పెట్టినవాళ్ల పేరున్న బోర్డు పీకేసి, తన పేరు రాసుకుంటే మాత్రం ఊరుకోరు.

## లైసెన్సులు బోలెడు ఉన్నాయి. ఏవి తెలిస్తే చాలు?

నాలుగు తెలిస్తే రోజువారీ పనికి సరిపోతుంది. ఎంఐటీ, బీఎస్‌డీ ఒక జాతి: కాపీరైట్ వాక్యం, లైసెన్స్ పాఠం ఉంచితే చాలు, కోడ్ బయటపెట్టని సాఫ్ట్‌వేర్‌లో కలుపుకున్నా అడగరు. 2004లో వచ్చిన అపాచీ 2.0 కూడా అలాంటిదే, కాకపోతే పేటెంట్ల గురించి కూడా మాట్లాడుతుంది, మార్చిన ఫైళ్లలో మార్చామని రాయమంటుంది. జీపీఎల్ వేరే జాతి. రెండో వెర్షన్ 1991ది, మూడోది 2007ది. జీపీఎల్ కోడ్‌ను మార్చి ఇంకొకరికి ఇచ్చారా, వాళ్లకు సోర్స్ (మనిషి చదివి మార్చుకోగల అసలు కోడ్) కూడా ఇవ్వాలి, అదే లైసెన్స్ మీద ఇవ్వాలి. నాలుగోది ఏజీపీఎల్. ప్రోగ్రామ్‌ను ఎవరికీ ఇవ్వకుండా మన సర్వర్ మీదే నడిపిస్తే జీపీఎల్ ఏమీ అనదు. ఏజీపీఎల్ మాత్రం, మార్చిన ప్రోగ్రామ్‌ను నెట్‌వర్క్ మీద వాడేవాళ్లకు కూడా సోర్స్ అందుబాటులో ఉంచమంటుంది. పెద్ద కంపెనీలు ఏజీపీఎల్ పేరెత్తితే బెదిరేది అందుకే.

ఇవి ఒకదానితో ఒకటి కలవని సందర్భాలూ ఉన్నాయి. అపాచీ 2.0 కోడ్‌ను జీపీఎల్ మూడో వెర్షన్‌లో కలపొచ్చు, రెండో వెర్షన్ మాత్రమే అని రాసున్న ప్రాజెక్టులో కలపకూడదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ అలాంటి ప్రాజెక్టే.

## లైసెన్స్ ఫైల్ లేకుండా గిట్‌హబ్‌లో పెట్టేశాం. ఎవరైనా వాడుకోవచ్చా?

వాడుకోకూడదు. చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి అనుకుంటారు: కాగితం లేదు కాబట్టి షరతు లేదు అని. కాగితం లేకపోతే అనుమతే లేదు. గిట్‌హబ్ అంటే కోడ్ పెట్టి పంచుకునే సైట్. దాని నిబంధనల ప్రకారం అందరికీ కనపడేలా పెట్టిన ప్రాజెక్టును (పబ్లిక్ రిపో) ఇతరులు అక్కడే చూడొచ్చు, అక్కడే తమ ఖాతాలోకి నకలు తీసుకోవచ్చు (దీన్నే ఫోర్క్ అంటారు), అంతవరకే. దాన్ని దించుకుని తన ప్రోడక్ట్‌లో పెట్టుకునే హక్కు ఎవరికీ రాదు.

ఈ ఒక్క ఫైల్ పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టదు. మేము ఎనిమిది నెలలు పెట్టలేదు.

## జీపీఎల్ కోడ్‌ను డబ్బుకు అమ్మడం తప్పా?

తప్పు కాదు. ఎంత ధరకైనా అమ్మొచ్చు. కొన్నవాడికి సోర్స్ ఇవ్వాలి, అతను దాన్ని ఇంకొకరికి ఇస్తానంటే అడ్డుపడకూడదు. సోర్స్ ప్రపంచం మొత్తానికీ పెట్టాలని కూడా లేదు. ప్రోగ్రామ్ ఎవరికిచ్చారో వాళ్లకు అందితే సరి.

## ఇంతకీ మీ గొడవేంటి?

అనంతపురం మార్కెట్ యార్డులో చీనీ టన్నుల లెక్కన పోతుంది. తూకంలో "సూట్" తీసేస్తారు. కాయ దెబ్బ తింటుంది, తరుగు పోతుంది అని ముందే వేసే కోత అది. రైతులకు దాని మీద ఎప్పుడూ మంటే. ఆ పైన కమీషన్, హమాలీ, బాడుగ. చీటీ మీద పెన్నుతో వేసేటప్పుడు ఏది ఎంత కోశారో రైతుకు అర్థమయ్యేది కాదు. మా ప్రోగ్రామ్ ఆ కోతలన్నిటినీ విడివిడిగా చూపిస్తూ తెలుగులో బిల్లు కొడుతుంది. అంతకు మించి దాంట్లో గొప్ప ఏమీ లేదు. చెప్పానుగా, మొదటి ఎనిమిది నెలలు లైసెన్స్ లేదు. తర్వాత జీపీఎల్ మూడో వెర్షన్ పెట్టాం.

రెండేళ్ల తర్వాత నార్పల వైపు నుంచి మాకు తెలిసిన రైతు ఒకాయన వచ్చి, వేరే జిల్లాలో కాయ అమ్ముకుని తెచ్చుకున్న బిల్లు చూపించాడు. "మీ బిల్లు మాదిరే ఉంది సామీ" అన్నాడు. పైన ఎవరిదో కంపెనీ పేరు, లోగో. కిందికి చూస్తే "నికర మొత్తం" ఉండాల్సిన చోట "నికర మెత్తం" అని ఉంది. ఆ తప్పు మాది. మాలో ఒకడు మొదటి వారంలో రాత్రి పన్నెండింటికి టైప్ చేసింది. రెండేళ్లుగా వందల బిల్లుల మీద అచ్చయింది, మండీవాళ్లు చెప్పలేదు, మేమూ చూసుకోలేదు.

అమ్ముతున్న మనిషిని పట్టుకుని ఫోన్ చేశాం. "ఇంటర్నెట్లో ఊర్కే పెట్టినారు, తీసుకున్నా. దాంట్లో తప్పేముందప్పా?" అన్నాడు. మండీకి పదిహేను వేలు తీసుకుంటున్నాడని తెలిసి మాకు ఒళ్లు మండింది. మేము ఒక్క రూపాయి చూడలేదు మరి. రెండు రోజులు తిట్టుకున్నాక లైసెన్స్ తెరిచి నిదానంగా చదివితే తెలిసింది, మా కోపం తప్పు చోట ఉందని. అమ్ముకోవచ్చని మేమే రాసిచ్చాం. అతని తప్పులు రెండే: ఫైళ్ల పైన ఉన్న మా పేర్లు తీసేశాడు, కొన్న మండీలకు సోర్స్ ఇవ్వలేదు. మొదటి ఫోన్లోనే "మా కోడ్ అమ్ముకుంటావా" అని అరవకుండా ఈ రెండూ అడిగుంటే నెల రోజులు కలిసొచ్చేవి.

అతనూ తక్కువవాడు కాదు. "నేను తీసుకున్నప్పుడు మీ దాంట్లో లైసెన్సే లేదు, కాబట్టి నాకు ఏ షరతూ లేదు" అన్నాడు. అది అతని మెడకే చుట్టుకునే వాదన. ఆ ఎనిమిది నెలల కోడ్‌ను ముట్టుకునే హక్కే అతనికి లేదు. జీపీఎల్ పెట్టాక వచ్చిన మా ప్రోగ్రామ్ తీసుకుంటేనే అతను ధైర్యంగా అమ్ముకోగలడు. ఈ సంగతి వాళ్ల తమ్ముడికి ముందు అర్థమైంది, అతను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడట. ఆ తర్వాత మాటల్లో వేడి తగ్గింది.

మధ్యలో మా పరువూ కొంచెం పోయింది. నోటీసు రాయడానికి మా కోడ్‌ను వరసగా చదువుతుంటే, అంకెలను తెలుగు మాటల్లోకి మార్చే ఫంక్షన్ మేము రాసింది కాదని తేలింది. "పన్నెండు వేల నాలుగు వందల రూపాయలు మాత్రమే" అని బిల్లు కింద వస్తుందే, అది. ప్రోగ్రామర్లు ప్రశ్నలు, జవాబులు రాసుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్లో ఎవరో ఇచ్చిన జవాబు నుంచి ఎత్తుకొచ్చాం. అక్కడి జవాబులు క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ లైసెన్స్ మీద ఉంటాయి, రాసినవాళ్ల పేరు చెప్పి తీరాలి. మేము చెప్పలేదు. పేరు తీసేశాడని ఇంకొకరికి నోటీసు రాస్తూ మేమే ఒకరి పేరు మింగేశామన్నమాట. ఆ రాత్రే ఆ జవాబు లింకు, పేరు చేర్చి ఆ మార్పును నమోదు చేశాం (కమిట్ అంటారు). అదృష్టం కొద్దీ అది 2018 తర్వాతి జవాబు, అంటే 4.0 వెర్షన్. దాన్ని జీపీఎల్ మూడో వెర్షన్‌లో కలపడానికి వీలుంది.

చివరికి తాడిపత్రి బస్టాండ్ దగ్గర టీ కొట్టులో కూర్చుని తేల్చుకున్నాం. పేర్లు తిరిగి పెట్టాడు, కొన్న ప్రతి మండీకి పెన్‌డ్రైవ్‌లో సోర్స్ ఇచ్చాడు. మేము డబ్బు అడగలేదు. ఇప్పటికీ అమ్ముతున్నాడు. బాడుగను దూరాన్ని బట్టి లెక్కేసే భాగం అతను రాసిందే, మా దాంట్లో కలుపుకున్నాం.

## కాపీ కొట్టారని నిరూపించేదెట్లా?

పోలిక ఒక్కటే చాలదు. ఒకే పని చేసే రెండు ప్రోగ్రాములు ఒకేలా కనపడొచ్చు, ఆలోచన మీద కాపీరైట్ ఉండదు, రాసిన తీరు మీదే ఉంటుంది. అందుకని ఇద్దరికీ విడివిడిగా తోచే అవకాశం లేనివి వెతకాలి. అక్షర దోషాలు, మన కామెంట్లలోని ఊతపదాలు, వాడకుండా వదిలేసిన ఫంక్షన్లు, మన దగ్గరున్న బగ్గే అక్కడా ఉండడం. కోడ్ చేతిలో లేక ఇన్‌స్టాల్ చేసే ఫైల్ మాత్రమే ఉన్నా, దాంట్లోని అక్షరాల వరసలు బయటికి లాగి చూసే టూల్స్ ఉన్నాయి. సందేశాలు, ఫైళ్ల పేర్లు చాలావరకు అలాగే బయటపడతాయి.

కోడ్‌లో ఏ మార్పు ఎప్పుడు చేశారో నమోదు చేసే గిట్ చరిత్రను గుడ్డిగా నమ్ముకోకండి. కమిట్ మీద పడే తేదీ మన కంప్యూటర్ గడియారం చెప్పిందే, ఎవరైనా మార్చుకోవచ్చు. ఆ రోజుల్లో పంపుకున్న మెయిళ్లు, వాట్సాప్‌లో పెట్టిన స్క్రీన్‌షాట్లు, పాత రిలీజ్ ఫైళ్లు తోడుగా ఉంటే బలం. ఎదుటివాళ్ల ప్రోగ్రామ్‌ను వీలైతే డబ్బిచ్చి కొని, రసీదు దాచుకోండి. ఫోన్ చేయకముందే ఇవన్నీ కానివ్వాలి. ఫోన్ చేశాక వెబ్‌సైట్లు మాయమవుతాయి. కోర్టు దాకా పోయేటట్టుంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. ఇదివరకు ఎవిడెన్స్ యాక్ట్ 65బీ అనేవాళ్లు, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్.

## నోటీసులో ఏం రాయాలి? ఎంత గడువివ్వాలి?

ఏ ఫైళ్లు, ఏ వెర్షన్ నుంచి, ఏ షరతు తప్పారు, ఏం చేస్తే సరిపోతుంది. ఈ నాలుగు ముక్కలు ఒక పేజీలో రాసి మెయిల్‌లోనూ, స్పీడ్ పోస్ట్‌లోనూ పంపండి. "మీ మీద చట్టపరమైన చర్యలు" అని మొదటి లైన్లోనే మొదలుపెడితే అవతలివాళ్లు లాయర్‌కిస్తారు, ఆ తర్వాత మనుషులు మాట్లాడుకోవడం ఆగిపోతుంది.

గడువు సంగతి లైసెన్స్‌లోనే ఉంది. జీపీఎల్ రెండో వెర్షన్‌లో షరతు తప్పగానే అనుమతి దానంతటదే రద్దవుతుంది, సర్దుకోవడానికి గడువు లేదు. మూడో వెర్షన్ కొంచెం మెత్తబడింది: మొదటిసారి తప్పినవాళ్లు నోటీసు అందిన 30 రోజుల్లో సరిచేసుకుంటే హక్కు తిరిగి వస్తుంది. రెండో వెర్షన్‌లో ఆ గడువు లేకపోవడాన్ని అడ్డం పెట్టుకుని, కెర్నల్‌లో కొంత కోడ్ రాసిన ఒక వ్యక్తి జర్మనీలో కంపెనీల వెంటపడి డబ్బు వసూలు చేశాడని పెద్ద రభస జరిగింది. 2017 అక్టోబర్‌లో కెర్నల్ డెవలపర్లు చాలామంది, మూడో వెర్షన్‌లోని గడువునే మేమూ పాటిస్తామని బహిరంగంగా ప్రకటించారు. కాబట్టి మీ కోడ్ ఏ వెర్షన్ మీదున్నా 30 రోజులు ఇవ్వండి.

## కోర్టులు ఈ లైసెన్సులను నిజంగా లెక్కచేస్తాయా?

చేస్తాయి. 2004లో మ్యూనిక్ కోర్టు జీపీఎల్ చెల్లుతుందని తేల్చింది. లినక్స్‌లోని నెట్‌ఫిల్టర్ అనే భాగం రాసినవాళ్లలో ఒకరైన హెరాల్డ్ వెల్టే, రౌటర్లు అమ్మే సైట్‌కామ్ మీద వేసిన కేసు అది. అమెరికాలో 2007లో, రౌటర్ల లాంటి చిన్న పరికరాల్లో వాడే బిజీబాక్స్ అనే ప్రోగ్రామ్ రాసినవాళ్లు వరసగా కేసులు వేశారు, మొదటిది కొద్ది వారాల్లోనే రాజీ అయింది. 2008 డిసెంబర్‌లో, జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ నెట్‌వర్క్ పరికరాలు అమ్మే సిస్కో మీదికి వెళ్లింది, తర్వాతి ఏడాది మేలో సర్దుబాటు చేసుకున్నారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కేసు ఆట రైళ్లది. భౌతికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ రాబర్ట్ జాకబ్‌సన్, ఆట రైళ్లను కంప్యూటర్‌తో నడిపే సాఫ్ట్‌వేర్‌ను సరదా కోసం మరికొందరితో కలిసి రాసి ఊరికే పెట్టాడు. ఒక వ్యాపారి దాంట్లోని ఫైళ్లను పేర్లు తీసేసి తన ప్రోడక్ట్‌లో పెట్టుకున్నాడు. కింది కోర్టు, ఇది ఒప్పందం తప్పడమే కానీ కాపీరైట్ ఉల్లంఘన అయ్యేటట్టు లేదు, కాబట్టి ఆపమని ఉత్తర్వు ఇవ్వలేమంది. 2008 ఆగస్టులో ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. డబ్బు తీసుకోనంత మాత్రాన షరతులకు విలువ లేకుండా పోదు, పేరు ఉంచాలన్న షరతు తప్పితే అది కాపీరైట్ ఉల్లంఘన అవుతుంది అని చెప్పింది. మా తాడిపత్రి పంచాయితీకి ఇంతకన్నా దగ్గరి కేసు దొరకలేదు.

ఇంకో కేసుకు మాత్రం మనమంతా రుణపడి ఉన్నాం, అది కోర్టు దాకా పోకుండానే తేలింది. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఉందని డెవలపర్లు కనిపెట్టి అడిగితే 2003లో సోర్స్ బయటపెట్టారు. రౌటర్లలో ఎవరైనా వేసుకోగల ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ పుట్టింది దాన్నుంచే.

## మన జిల్లాలోనే కేసు వేయొచ్చా? పోలీస్ స్టేషన్‌కు పోతే?

కాపీరైట్ చట్టం 62వ సెక్షన్, హక్కుదారు తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులో కూడా దావా వేసుకునే వీలిస్తుంది. 55వ సెక్షన్ కింద ఆపమని ఉత్తర్వు, నష్టపరిహారం, వచ్చిన లాభం లెక్క అడగొచ్చు. విలువ మూడు లక్షలు దాటిన వివాదాలు కమర్షియల్ కోర్టుల చట్టం కిందికి వస్తాయి, అత్యవసర ఉత్తర్వు అడగకపోతే దావాకు ముందే మధ్యవర్తిత్వం తప్పనిసరి.

క్రిమినల్ దారి కూడా ఉంది. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. బెయిల్ దొరకని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మా ఫ్రెండ్స్‌లో ఒకడు మొదటి రోజే స్టేషన్‌కు పోదామన్నాడు. నేను వద్దన్నాను, ఇప్పటికీ వద్దనే అంటాను. సోర్స్ ఇవ్వలేదని ఒక చిన్న ఊరి కుర్రాడిని మూడేళ్ల శిక్ష పడే కేసులో ఇరికించడం నాకు ఒప్పలేదు. పైగా అప్పుడు మా స్టాక్ ఓవర్‌ఫ్లో ఫంక్షన్ సంగతి?

## డబ్బులిచ్చి చేయించుకున్నా. కోడ్ నాదే కదా?

మండీ ఓనర్లు అడిగే మొదటి ప్రశ్న ఇది. జీతమిచ్చి పెట్టుకున్న ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేకపోతే 17వ సెక్షన్ ప్రకారం హక్కు యజమానిదే. బయటి కుర్రాడికి కాంట్రాక్టుగా ఇచ్చి రాయిస్తే అలా కాదు. హక్కు రాసినవాడిదే, మీకు బదిలీ కావాలంటే అతను సంతకం పెట్టిన కాగితం ఉండాలి. ఆ కాగితంలో కాలం రాయకపోతే అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షన్ లెక్క. ఫోన్‌పేలో డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ బదిలీ కాగితం కాదు.

ఈ 19వ సెక్షన్ నియమాలు లైసెన్సులకు కూడా తగిన మార్పులతో వర్తిస్తాయని 30ఏ సెక్షన్ చెబుతుంది. అపాచీ 2.0 పాఠంలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలున్నాయి, ఎంఐటీ పాఠంలో కాలం ఊసే లేదు. ఎంఐటీ అంత వదులు కావాలనుకునేవాళ్లకు నేను అపాచీ పెట్టుకోమనేది అందుకే.

## ఉద్యోగం చేస్తూ రాత్రిపూట రాసిన కోడ్ సంగతేంటి?

ముందు మీ ఆఫర్ లెటర్ తీసి చదవండి. ఉద్యోగ కాలంలో రాసిందంతా కంపెనీదే అని కొన్నిట్లో ఉంటుంది. అలా ఉంటే కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకున్నాకే ప్రాజెక్టుకు పంపండి. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో మాత్రం రాయకండి.

## ముగ్గురం కలిసి రాశాం. ఒకడు విడిపోయాడు. లైసెన్స్ మార్చాలంటే అతనూ ఒప్పుకోవాలా?

ఒప్పుకోవాలి, లేదా అతను రాసిందంతా తీసేసి కొత్తగా రాసుకోవాలి. ఎవరు రాసిన ముక్క వాళ్లదే. అందరూ స్నేహంగా ఉన్న రోజుల్లో ఇది ఎవరికీ గుర్తుకు రాదు, ఎవరో ఒకరు పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లాక, కంపెనీ ఒకటి డబ్బిస్తానన్నాక గుర్తొస్తుంది.

వీఎల్‌సీ వాళ్లు తమ ప్లేయర్ లోపలి ఇంజిన్‌ను 2011లో జీపీఎల్ నుంచి, దానికన్నా కొంచెం వదులైన ఎల్‌జీపీఎల్‌కు మార్చుకోవడానికి ఏళ్ల కింద కోడ్ పంపినవాళ్లను కూడా ఒక్కొక్కరినీ వెతికి అడగాల్సి వచ్చింది. జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2012 సెప్టెంబర్‌లో లైసెన్స్ మార్చినప్పుడు ఒప్పుకోనివాళ్లు గీసిన రోడ్లు, పెట్టిన పేర్లు మ్యాప్ నుంచి తీసేశారు. కష్టపడి గీసిన వీధి ఒక్క రోజులో మాయం కావడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

దీనికి విరుగుడుగా కొన్ని ప్రాజెక్టులు కోడ్ పంపేవాళ్ల దగ్గర ముందే సంతకం తీసుకుంటాయి, తర్వాత లైసెన్స్ మార్చుకునే అధికారంతో సహా. పంపేవాళ్లు ఆ కాగితం చదివి పెట్టాలి సంతకం. ఎందుకో తర్వాతి ప్రశ్నలో ఉంది.

## మేము వాడుతున్న ప్రాజెక్టే లైసెన్స్ మార్చేసింది. ఇప్పుడేం చేయాలి?

కంగారు పడకండి. మీ దగ్గరున్న పాత వెర్షన్ పాత లైసెన్స్ మీదే ఉంటుంది. కొత్త షరతులు కొత్త వెర్షన్లకే.

ఈ మధ్య ఏళ్లలో ఇది ఒక వరసగా జరిగింది. కంపెనీలు విరివిగా వాడే సాఫ్ట్‌వేర్లు మాంగోడీబీ 2018లో, ఎలాస్టిక్‌సెర్చ్ 2021 జనవరిలో, టెర్రాఫామ్ 2023 ఆగస్టులో, రెడిస్ 2024 మార్చిలో పాత లైసెన్స్ వదిలేశాయి. తాము రాసిన కోడ్ మీద క్లౌడ్ కంపెనీలు సర్వీసులు నడిపి సంపాదిస్తున్నాయన్నది వాళ్ల బాధ. బాధలో న్యాయం ఉంది. కానీ ఓపెన్ అన్న మాట నమ్మి ఏళ్ల తరబడి ఊరికే బగ్గులు సరిచేసినవాళ్ల మాటేమిటి? వాళ్లు ఊరుకోలేదు, అమెజాన్ లాంటివాళ్లూ ఊరుకోలేదు. పాత కోడ్ నుంచి ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ అనే ఫోర్కులు, అంటే నకలు తీసుకుని విడిగా నడిపే ప్రాజెక్టులు పుట్టాయి. చివరికి ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్‌ను ఒక ఎంపికగా చేర్చి మళ్లీ ఓపెన్ సోర్స్ వైపు వచ్చాయి.

చిన్న సంస్థగా మీరు చూసుకోవాల్సింది ఒకటే: ఏ వెర్షన్ దాకా పాత లైసెన్స్ ఉందో రాసి పెట్టుకోండి, అప్‌డేట్ దానంతటదే పైకి పోకుండా ఆపండి. తీరిగ్గా ఆలోచించి ఫోర్క్‌కు మారండి.

## వేరేవాళ్ల లైబ్రరీలో తప్పుంటే మాకేం సంబంధం?

లైబ్రరీ అంటే మన ప్రోగ్రామ్‌లో కలుపుకునే రెడీమేడ్ కోడ్. 2021 మార్చిలో, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రూబీ ఆన్ రైల్స్ మీద పనిచేసేవాళ్లంతా ఇదే అనుకున్నారు. మైమ్‌మ్యాజిక్ అనే చిన్న లైబ్రరీ ఎంఐటీ అని రాసుకుని ఉండేది, లోపల ఒక జీపీఎల్ ఫైల్ ఉందని ఎవరో చూపించారు. ఆ లైబ్రరీని చూసుకునే మెయింటెయినర్ తప్పు ఒప్పుకుని కొత్త వెర్షన్‌కు జీపీఎల్ పెట్టి, పాత వెర్షన్లు వెనక్కి తీసుకున్నాడు. రైల్స్ దాని మీద ఆధారపడి ఉండడంతో ప్రపంచమంతా ఇన్‌స్టాల్స్ ఆగిపోయాయి. ఆ రైల్స్ వాడేవాళ్లలో చాలామందికి మైమ్‌మ్యాజిక్ అనేదొకటి ఉందని కూడా అప్పటిదాకా తెలీదు.

## బీటెక్ ప్రాజెక్టు కోసం సెంటర్‌లో కొన్న కోడ్ గిట్‌హబ్‌లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోకండి. ఆ సెంటర్‌వాళ్లకే అది ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీదు. పదిసార్లు చేతులు మారిన కోడ్ మీద మీ పేరుతో ఎంఐటీ లైసెన్స్ పెడితే, మీది కానిదాన్ని మీరు దానం చేసినట్టు. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే వచ్చే టెన్షన్ వేరే.

## తెలుగు ఫాంట్లకూ ఇవే నియమాలా?

ఫ్లెక్స్ షాపులవాళ్లు, డీటీపీవాళ్లు అడుగుతారు. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మండలి, రామభద్ర, ధూర్జటి, పెద్దన, శ్రీకృష్ణదేవరాయ లాంటివి ఓఎఫ్ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్స్) మీద ఉన్నాయి. వాటితో శుభలేఖ కొట్టినా, పుస్తకం వేసినా, బోర్డు రాసినా అచ్చయినదానికి ఏ షరతూ లేదు, డబ్బు తీసుకోవచ్చు. ఫాంట్ ఫైల్‌ను మాత్రమే విడిగా అమ్మకూడదు. సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఇవ్వొచ్చు. ఫాంట్‌ను మార్చి పంచితే ఓఎఫ్ఎల్ మీదే పంచాలి, రాసినవాళ్లు పేరు రిజర్వ్ చేసుకుని ఉంటే వేరే పేరు పెట్టాలి.

## ఏఐ రాసిచ్చిన కోడ్ పెట్టొచ్చా?

కోడ్ రాసిచ్చే ఏఐ గిట్‌హబ్ కోపైలట్ మీద 2022 నవంబర్‌లో అమెరికాలో దావా పడింది: ఓపెన్ సోర్స్ కోడ్ నేర్చుకుని, పేర్లు, లైసెన్సులు చెప్పకుండా తిరిగి ఇస్తోందని. మా రిపోలో మేము పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, ఏఐ ఇచ్చిన ముక్క పది లైన్లు దాటితే వెతికి చూస్తాం, అలాంటిదే ఎక్కడైనా కనపడితే మళ్లీ రాసుకుంటాం. ఒకసారి కాలింది కాబట్టి ఈ జాగ్రత్త.

## లైసెన్స్‌ను తెలుగులో పెట్టుకోవచ్చా?

జీపీఎల్‌కు ఇంగ్లిష్ పాఠమే అధికారికం. అనువాదంలో ఒక మాట అటూ ఇటూ అయితే అర్థమే మారిపోతుందని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వేరే భాషల పాఠాలను అధికారికంగా ఒప్పుకోదు. ఇంగ్లిష్ ఫైల్ యథాతథంగా ఉంచి, పక్కన తెలుగులో వివరణ రాసుకోవచ్చు. మేము ప్రోగ్రామ్ తెరవగానే కనపడేలా ఇలా పెట్టాం:

"ఇది ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఇంకొకరికి ఇస్తే కోడ్ కూడా ఇవ్వాలి. రాసినవాళ్ల పేర్లు తీసేయకూడదు. పూర్తి షరతులు జీపీఎల్ ఫైల్‌లో ఉన్నాయి."

మొదట పదిహేను లైన్లు రాశాం. కాటా దగ్గర నిలబడ్డ మండీ గుమాస్తా ఒకాయన నాలుగో లైన్ దగ్గర ఎంటర్ నొక్కేశాడు. అందుకని నాలుగు లైన్లకు కుదించాం.